రాజలక్ష్మి, టి. పి. (1911–1964)

దక్షిణ భారతదేశమున మూకీ చిత్రముల కాలమున నటిగాను నర్తకిగాను చలనచిత్రరంగమున ప్రవేశించి, 1931 అక్టోబరు 31వ తేదీన మద్రాసులో విడుదలయైన ‘కాళిదాసు’ చిత్రమున నాయికయై, దక్షిణాదిని మాటలాడిన తొలి చిత్రపు తొలి కథానాయికగా ప్రసిద్ధి కెక్కి, పిమ్మట కథారచనము, చిత్రనిర్మాణము, దర్శకత్వము అను బాధ్యతలను తానే వహించిన రంగస్థల కళాకారిణి. పూర్తి పేరు తిరువయ్యారు పంచాపకేశ రాజలక్ష్మి. ఈమె మాతృభాష తమిళము. అయినను ఆంధ్ర చలనచిత్ర చరిత్రకారులు ఈమె ప్రస్తావన లేక తమ గ్రంథములను ప్రారంభింపజాలరు. దక్షిణదేశమున తెర మొట్టమొదట తెలుగు పలికినదియు, తెలుగు కీర్తన పాడినదియు ఈమె నటించిన చిత్రముననే.

పదవివరణము

‘మూకీ’ యనునది టాకీ వచ్చిన పిదప దానికి ప్రతిగా ప్రచారములోనికి వచ్చిన మాట. అంతకు పూర్వము జనులు దానిని బయస్కోపు అనియు, బొమ్మల ఆట అనియు వ్యవహరించిరి. శబ్దము లేని ఈ చిత్రములలో నటీనటుల సంభాషణలు అక్షరపు పలకలుగా తెరపై కనబడుచుండెను. మద్రాసు రాజధానిలో తిరుగు చిత్రములకు ఈ పలకలు ఇంగ్లీషు, తమిళము, తెలుగు మొదలగు భాషలలో ఒకదాని క్రింద నొకటిగా నుండుట కలదు. చదువు రాని ప్రేక్షకులే అధికసంఖ్యాకులు గనుక తెర ప్రక్కన వ్యాఖ్యాత యొకడు నిలువబడి, కథను చెప్పుచు, రాక్షసుడు వచ్చినప్పుడు గద్దించుచు, సీత యేడ్చినప్పుడు తానును గొంతు జీరబోనిచ్చుచు ఆటను నడిపించెడివాడు. హార్మోనియము, తబలా వాయించువారు తెర ముందు కూర్చుండెడివారు. మూకీ యనగా నటులకు నోరు లేదని యర్థమే కాని, ఆటశాల నిశ్శబ్దముగా నుండెనని యర్థము కాదు.

పూర్వరంగము: తెరపై స్త్రీలు

దాదాసాహెబ్ ఫాల్కే 1913లో ‘రాజా హరిశ్చంద్ర’ను నిర్మించినప్పుడు నటించుటకు స్త్రీలెవ్వరును అంగీకరింపకపోవుటచే తారామతి పాత్రను అన్నా సాళుంకే అను పురుషుడు ధరించెను. అదే సంవత్సరము నిర్మితమైన ‘మోహినీ భస్మాసుర’లో దుర్గాబాయి కామత్, ఆమె కుమార్తె కమలాబాయి నటించుటతో ఆ అడ్డు కొంత తొలగినది. దక్షిణమున ఆర్. నటరాజ మొదలియారు తన ‘ద్రౌపదీ వస్త్రాపహరణము’ మూకీకి మేరియన్ హిల్ అను ఆంగ్లో ఇండియను వనితను ద్రౌపదిగా తీసికొనెను. రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ఆర్. ప్రకాశ్ మద్రాసులో స్టార్ ఆఫ్ ది ఈస్ట్ సంస్థ పక్షమున 1921లో నిర్మించిన ‘భీష్మప్రతిజ్ఞ’లో గంగాదేవి పాత్ర పెగ్గీ కాస్టెల్లో అను మరియొక ఆంగ్లో ఇండియను నటిది. భీష్ముడు ప్రకాశే. (చూ. రఘుపతి వెంకయ్య.)

ఇందలి కారణము సాంఘికము. ఉత్తరదేశపు స్టూడియోలలోను ఆంగ్లో ఇండియను, యూదు కుటుంబముల యువతులే నాయికలుగా పేరు పొందిరి. మూకీలో తెలుగు గాని తమిళము గాని రాకున్నను కొదువ లేదు. గంగాదేవి పెదవులు ఏ భాషలో కదలినను అక్షరపు పలక ఆ పని చూచుకొనెడిది. ఇంటి ఆడుబిడ్డలను తెరకు పంపుటకు గృహస్థులు సమ్మతింపని కాలమున మూకీకి గల ఈ నిర్భాషత్వము ఆ లోపమును కప్పిపుచ్చినది. రాజలక్ష్మి ప్రత్యేకత ఈ నేపథ్యముననే తెలియదగును: ఆమె బ్రాహ్మణ కుటుంబమున జన్మించిన దేశీయ స్త్రీ, రంగస్థలముపై పాడియు ఆడియు అన్నము సంపాదించుకొన్నది, శబ్దము వచ్చినప్పుడు ఆమెకు గొంతు సిద్ధముగా నుండెను.

జననము, బాల్యము

రాజలక్ష్మి 1911 నవంబరు 11వ తేదీన తంజావూరు మండలమున కావేరీతీరమందలి తిరువయ్యారులో జన్మించెను. తండ్రి పంచాపకేశ శాస్త్రి గ్రామకరణము, తల్లి మీనాక్షి. ఆనాటి ఆచారము ననుసరించి ఏడెనిమిదేండ్ల ప్రాయముననే వివాహము జరిగినది గాని, కట్నము విషయమై వివాదము కలుగగా ఆ సంబంధము నిలువలేదు. తండ్రి మరణించిన పిదప తల్లీకూతుళ్లు తిరుచిరాపల్లి చేరిరి. ఇంటికి మగదిక్కు లేదు, చేతిలో విద్య లేదు. విన్న పాటను విన్నట్లు పాడగల శక్తి మాత్రము బాలికకు కలదు.

తిరువయ్యారు తెలుగువారికి పరాయి ఊరు కాదు. త్యాగరాజస్వామి (1767–1847) జీవితమున అధికభాగము గడపి, తెలుగున కృతులు రచించి, సమాధి పొందిన స్థల మది. ఖమ్మం మండలపు నేలకొండపల్లిలో పుట్టి, భద్రాచలమున రామాలయము కట్టించి, గోలకొండ చెరసాలలో కీర్తనలు పాడిన కంచెర్ల గోపన్నను, అనగా రామదాసును, త్యాగరాజు తన కృతులలో భక్తితో స్మరించెను. గోదావరి గట్టున పుట్టిన తెలుగు కీర్తన కావేరి గట్టునకు చేరి అచ్చటి తమిళ గృహములలో నిత్యవ్యవహారమైనది. ఆ గాలిలో పెరిగిన బాలికకు త్యాగరాజ కృతి పాడుటకు తెలుగు మాటలాడ నేర్చుకొనవలసిన పని లేదు. 1931లో ఈ సంగతి చరిత్రాత్మకమైనది. (చూ. త్యాగరాజు, రామదాసు, భద్రాచల.)

రంగస్థలము

తమిళ నాటకరంగమునకు పితామహుడని పేరుగొన్న శంకరదాస స్వామిగళ్ ఆదరముతో, సామణ్ణ నాటక సమాజమున రాజలక్ష్మి పదునొకండేండ్ల ప్రాయమున చేరినది. ఆ కాలపు సమాజములలో స్త్రీపాత్రలను మగపిల్లలే ధరించుట వాడుక గనుక ఆడుపిల్ల చేరుటయే ఒక వింత. బ్రాహ్మణ బాలిక చేరుట అంతకు మించిన అపవాదు. పౌరాణిక నాటకములందు నాయికగా ఆమె త్వరలోనే పేరు పొందినది.

నాటకములలో ఆమె సంపాదించిన నృత్యము సభానాట్యము కాదు, రంగనృత్యము. రెంటికిని భేదము కలదు. సభలో నర్తకి గురుముఖమున నేర్చిన వరుసలో అలరింపు మొదలు తిల్లానా వరకు ఆడును. రంగస్థలమున నటి కథ నడుమ పాత్రగా ఆడును. వీనిలో కురత్తి యాట మిక్కిలి జనాదరము పొందినది. కురత్తి యనగా కొండల నుండి దిగివచ్చి చేయి చూచి సోదె చెప్పు స్త్రీ. తెలుగు యక్షగానములలోని ఎరుకత, కొరవంజి పాత్రలకు తోబుట్టువు. బుట్ట, కర్ర, పూసల దండలు, మోకాలి క్రిందికి దిగని చీర, విసురైన అడుగు ఆమె గుర్తులు. ఈ రంగస్థల గిరిజనస్త్రీ నాగరికుల ఊహలో పుట్టినదని వేరుగా చెప్పుట మంచిది. భద్రాచలపు అడవులలో కోయలు అడవిదున్న కొమ్ముల తలపాగలు ధరించి, డోళ్లు వాయించుచు సామూహికముగా చేయు కొమ్ము నృత్యమునకును ఈ ఒంటరి కురత్తి యాటకును పోలిక లేదు. (చూ. కోయలు, కొరవంజి.)

మూకీ చిత్రములు

దక్షిణాదిని మూకీ చిత్రనిర్మాణము 1917–18 ప్రాంతమున నటరాజ మొదలియారు ‘కీచకవధ’తో ఆరంభమై, సుమారు పదునేనేండ్లలో నూటికి మించిన చిత్రములను ఇచ్చినది. వానిలో దాదాపు పూర్తిగా మిగిలినది ‘మార్తాండవర్మ’ ఒక్కటే. రాజలక్ష్మి తొలుత నటించిన మూకీ ఎ. నారాయణన్ జనరల్ పిక్చర్స్ సంస్థ వారి ‘కోవలన్’ (1929). ఆ పిమ్మట ‘ఉషాసుందరి’, ‘రాజేశ్వరి’ చిత్రములలో ఆమె నటించినది. ఈ కాలమున మద్రాసున ప్రముఖ దర్శకుడు, నటుడు అయిన రాజా శాండో నాటకపు అతినటనను తగ్గించి తెరకు తగిన నటనను అలవరచుటకు పాటుపడెను.

ఆ చిత్రములు నేడు లభ్యములు కావు. ఆమె నాట్యము తెరపై నెట్లుండెనో ఆనాటి సాంకేతిక పరిస్థితులను బట్టి గ్రహింపవలసి యున్నది.

మూకీ నాట్యము: సాంకేతిక స్వరూపము

మూకీ కెమెరా చేతితో త్రిప్పబడునది. క్షణమునకు సుమారు 16 నుండి 18 బొమ్మలు పడునట్లు త్రిప్పుట సామాన్యము. త్రిప్పువాని చేయి అలసినచో వేగము మారును, నర్తకి అడుగు తెరపై తొందరపడును. ఆ చిత్రములనే నేటి యంత్రములపై క్షణమునకు 24 బొమ్మల వేగమున నడిపినప్పుడు నటీనటులు కీలుబొమ్మలవలె గంతులు వేయుచున్నట్లు కనబడుటకు ఇదియే కారణము. అది వారి నటనాదోషము కాదు.

నాడు విరివిగా వాడిన ఫిలిము ఎరుపునకు స్పందింపనిది. ఎర్రని వస్తువు తెరపై నల్లగా పడును. నర్తకి నుదుటి కుంకుమ, పాదముల పారాణి, తాంబూలముతో పండిన పెదవి అన్నియు నలుపుగా మారును. ముఖమునకు తెల్లని పొడి దట్టముగా అద్ది, కనుబొమలను కాటుకతో సాగదీసి దిద్దినచో గాని ముఖభావము దూరమున కూర్చున్నవారికి అందదు. స్టూడియోలలో విద్యుద్దీపముల కంటె సూర్యకాంతియే ఆధారము గనుక పైకప్పుకు బదులు పలుచని గుడ్డ కట్టి, మిట్టమధ్యాహ్నపు ఎండను వడకట్టి చిత్రీకరించుచుండిరి.

శబ్దము లేని చిత్రమున గజ్జెల మ్రోత వినబడదు. ఆట ఆడిన ప్రతి ఊరిలోను అచ్చటి తబలావాద్యకుడు తెర వైపు చూచుచు తనకు తోచిన తాళము వేయును. అందుచే మూకీ నర్తకి పాదముల కంటె నడుము, చేతులు, కన్నులు ఎక్కువగా ఉపయోగింపవలసి వచ్చినది. అభినయము నేర్చినవారికి ఈ మార్పు కష్టము కాలేదు; పాట మీదనే ఆధారపడిన నటులు మూకీలో నిలువలేకపోయిరి.

‘కాళిదాసు’ (1931)

ఆర్దేషిర్ ఇరానీ బొంబాయిలో ఇంపీరియల్ సంస్థ పక్షమున నిర్మించిన ‘ఆలం ఆరా’ 1931 మార్చి 14న విడుదలయై భారతదేశపు తొలి వాక్చిత్రమైనది. ఆ విజయముతో ఇరానీ దక్షిణాది భాషల వైపు దృష్టి సారించి, తన సంస్థలో పనిచేయుచున్న హెచ్. ఎమ్. రెడ్డిని దర్శకునిగా నియమించెను. రెడ్డి బెంగుళూరు వాడు, తెలుగు మాటలాడువాడు. ‘ఆలం ఆరా’ కొరకు వేసిన రంగాలంకరణములనే వినియోగించి ఎనిమిది దినములలో ‘కాళిదాసు’ చిత్రీకరణము ముగించిరని చెప్పుదురు.

రాజలక్ష్మి విద్యాధరి పాత్రను, పి. జి. వెంకటేశన్ కాళిదాసు పాత్రను ధరించిరి. నాయిక తమిళమున పలుకును. నాయకుడు తెలుగున బదులిచ్చును. తక్కిన కొందరు హిందీ మాటలాడుదురు. ఇది నేడు నవ్వు పుట్టించునేమో కాని, భాషల కంటె శబ్దమే వింతయైన కాలమున ఎవరును ఆక్షేపించినట్లు కనబడదు. తరువాత ప్రసిద్ధ నిర్మాతయైన ఎల్. వి. ప్రసాద్ ఇందు పూజారిగా చిన్న హాస్యపాత్రను వేసెను. ‘ఆలం ఆరా’లోను, ఆ వెనుక తొలి తెలుగు వాక్చిత్రమునను ఆయన నటించెను గనుక మూడు భాషల తొలి వాక్చిత్రములలోను కనబడిన ఖ్యాతి ఆయనది.

పాటలు ఎక్కువ భాగము మధురై భాస్కరదాస్ రచనలు. చరఖాను, జాతీయోద్యమమును కీర్తించు పాటలు కథతో సంబంధము లేకయే చొప్పింపబడెను. వీనితోపాటు రాజలక్ష్మి త్యాగరాజ కృతులు రెండు పాడినది. ప్రధాన చిత్రమునకు తోడుగా ఆమెయు ఝాన్సీబాయియు ఆడిన కురత్తి నృత్యము ప్రత్యేకముగా ప్రదర్శింపబడినది. మూకీలో మూగవోయిన గజ్జెకు నోరు వచ్చిన ఘట్టమిది. పెదవి కదలికకును ధ్వనికిని పొత్తు కుదరలేదని పలువురు వ్రాసిరి. అది నిజమే యైనను జనాదరణకు భంగము కలుగలేదు.

చిత్రపు పెట్టె రైలుబండిలో మద్రాసునకు వచ్చినప్పుడు వేలకొలది జనులు స్టేషను కడ గుమికూడి, దానిని ఊరేగింపుగా వాల్‌టాక్స్ రోడ్డు వెంబడి కినిమా సెంట్రల్ ఆటశాలకు తీసికొనిపోయిరి. దారి పొడవున పూలు చల్లిరి, కొబ్బరికాయలు కొట్టిరి, ధూపము వేసిరి. దేవుని ఉత్సవవిగ్రహమునకు జరుగు మర్యాద రేకు పెట్టెకు జరిగినది. సుమారు రూ. 8,000 పెట్టుబడికి రూ. 75,000కు మించి రాబడి వచ్చినదని చలనచిత్ర చరిత్రలు చెప్పుచున్నవి. ఈ చిత్రపు ప్రతి లభ్యము కాదు.

దీనిని తొలి తమిళ వాక్చిత్రమని తమిళ చరిత్రకారులు పేర్కొందురు. బహుభాషాచిత్రమనుట మరింత సరియైనది. పూర్తిగా తెలుగులో తయారైన తొలి వాక్చిత్రము ‘భక్తప్రహ్లాద’. దానికిని హెచ్. ఎమ్. రెడ్డియే దర్శకుడు.

ఖమ్మం–భద్రాచలం సీమతో సంబంధము

‘భక్తప్రహ్లాద’ విడుదల 1931 సెప్టెంబరు 15 అని చిరకాలము ప్రచారములో నుండెను గాని, 1932 ఫిబ్రవరి 6 అని ఇటీవలి పరిశోధనము నిర్ధారించినది. ధర్మవరము రామకృష్ణమాచార్యుల నాటకము దానికి మూలము. లీలావతిగా సురభి కమలాబాయి నటించెను. అందలి పాటలు రచించిన చందాల కేశవదాసు (1876–1956) ఖమ్మం సీమయందలి జక్కేపల్లి గ్రామస్థుడు. హరికథకుడు, అవధాని, నాటకకర్త. నైజాము రాజ్యపు పల్లె నుండి వెలువడిన కలము తెలుగు తెరకు తొలి పాటలను ఇచ్చుట గమనింపదగినది. (చూ. కేశవదాసు, చందాల, కమలాబాయి, సురభి.)

రాజలక్ష్మి మూకీలలో నటించు దినములలో ఈ ప్రాంతము రెండు ప్రభుత్వముల క్రింద నుండెను. ఖమ్మం నైజాము రాజ్యమునకును, గోదావరి కావలి భద్రాచలం తాలూకా మద్రాసు రాజధానికిని చెందినవి. భద్రాచలం తాలూకా 1959లో గాని ఖమ్మం జిల్లాలో చేరలేదు. 1889 నాటికే హైదరాబాదు–బెజవాడ రైలుమార్గము ఖమ్మం మీదుగా నడచుచుండుటచే ఖమ్మమునకు బెజవాడతో రాకపోకలు సుకరములు. బెజవాడలో 1921లోనే మారుతీ సినిమాశాల వెలసినది. భద్రాచలపు సంగతి వేరు. ‘భద్రాచలం రోడ్డు’ అని పేరు పెట్టిన స్టేషను నది కీవల, సుమారు 40 కిలోమీటర్ల దూరమున, కొత్తగూడెమున నున్నది. గోదావరిపై వంతెన 1965 వరకు లేదు. పేరు చూచి అచ్చట దిగిన యాత్రికుడు అడవిదారిన పోయి, పడవ ఎక్కి, ఏరు దాటవలసి యుండెను. రాజమహేంద్రవరము నుండి పాపికొండల మీదుగా లాంచీలో వచ్చుట రెండవ దారి. మద్రాసు తారల కీర్తి ఇట్టి సీమలకు ఆలస్యముగా, తరచుగా గ్రామఫోను పాటగా చేరినది.

వాక్చిత్రములు

‘కాళిదాసు’ పిమ్మట రాజలక్ష్మి ‘రామాయణము’ (1932), ‘సత్యవాన్ సావిత్రి’ (1933) మొదలగు చిత్రములలో నాయికయైనది. మద్రాసులో శబ్దగ్రహణ సౌకర్యములు లేనందున ఆనాటి దక్షిణాది చిత్రములు బొంబాయి, కలకత్తా నగరములలో తయారగుచుండెను. నటీనటులు వంటవానితో సహా రైలెక్కి నెలల తరబడి అచ్చట కాపురముండెడివారు. కలకత్తాలో పి. వి. రావు దర్శకత్వమున నిర్మితమైన ‘వళ్లి తిరుమణము’ (1933)లో ఆమె వళ్లి. కొండజాతి కన్నెయైన వళ్లి పాత్రలో ఆమె కురత్తి నాటి ఆటపాటలన్నియు అక్కరకు వచ్చినవి. చిత్రము ఘనముగా ధనము నార్జించినది. అందులో నారదుడుగా నటించిన టి. వి. సుందరమును ఆమె వివాహమాడినది.

‘ద్రౌపదీ వస్త్రాపహరణము’ (1934)లో ఆమె ద్రౌపది. మూకీలో మేరియన్ హిల్ ధరించిన పాత్రయే యిది. మొదటి ద్రౌపది మొర అక్షరపు పలకపై కనబడినది. రెండవ ద్రౌపది మొర రాగాలాపనతో వినబడినది. ‘లలితాంగి’ (1935), ‘నందకుమార్’ (1938) తరువాతి చిత్రములలో పేర్కొనదగినవి. అభిమానులు ఆమెను ‘సినిమారాణి’ యని పిలిచిరి.

‘మిస్ కమల’, దర్శకత్వము

రాజలక్ష్మి నవలారచయిత్రి కూడ. తాను వ్రాసిన ‘కమలవల్లి’ నవలను ఆధారము చేసికొని 1936లో శ్రీ రాజం టాకీస్ అను సొంత సంస్థ పక్షమున ‘మిస్ కమల’ను నిర్మించి, దర్శకత్వము వహించి, తానే నాయికగా నటించినది. ఇష్టము లేని పెండ్లిలో చిక్కిన స్త్రీ సమస్య అందలి వస్తువు. పౌరాణికములకే పెట్టుబడి పెట్టుకాలమున సాంఘికమును ఎంచుకొనుట సాహసము. తన బాల్యవివాహపు అనుభవము ఇందులకు ప్రేరకమై యుండుననుట అసంగతము కాదు. కుమార్తెకు ఆమె కమల యని పేరు పెట్టుకొన్నది.

ఈమెను భారతదేశపు తొలి మహిళాదర్శకురాలని కొందరు వ్రాయుట పొరపాటు. ఫాత్మా బేగం 1926లోనే ‘బుల్‌బులే పరిస్తాన్’కు దర్శకత్వము వహించినది. దక్షిణాదిలో మాత్రము రాజలక్ష్మి ప్రథమురాలు. తెలుగులో ఆ స్థానము ‘చండీరాణి’ (1953)కి దర్శకత్వము వహించిన భానుమతిది. (చూ. భానుమతీ రామకృష్ణ.) రాజలక్ష్మి పిమ్మట ‘మదురై వీరన్’ చిత్రమునకును దర్శకత్వము వహించినది. జాతీయభావములతో ఆమె తీసిన మరియొక చిత్రము ‘ఇండియా తాయ్’ సెన్సారు వారి అభ్యంతరములకు గురియై, పేరు మార్చుకొని, ధననష్టమును తెచ్చినది.

ఉత్తరజీవితము

1940 తరువాత కొత్త తరము గాయనీనటులు రాగా ఆమెకు అవకాశములు సన్నగిల్లెను. ‘జీవజ్యోతి’ (1947), ‘ఇదయ గీతం’ (1950) కడపటి చిత్రములలోనివి. మద్రాసు కీల్పాకమున ‘రాజరంగం’ అను గృహమున ఆమె బంధువర్గము నంతయు పోషించినది; చిత్రనిర్మాణముల వలన సంపాదనలో అధికభాగము పోయినది. 1961లో ఆమెకు కలైమామణి బిరుదము లభించినది. 1964లో మద్రాసులోనే మరణించినది.